పది నలభై రెండుకు రాని పిల్ల

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్నారు పెద్దలు. ప్రాణం రాకడ మాత్రం కొండాపూర్‌లో నిమిషాలతో సహా ముందే తెలిసిపోతోంది. పంతులు ముహూర్తం పెడతాడు, డాక్టరు కోస్తుంది. (ఆ పేరులోని కొండ ఏమైందంటారా? పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు. అది వేరే కథ.)

అక్కడే పుట్టి పెరిగిన ప్రవళిక సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఒకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. మూడేళ్ల కిందట మొదటి కాన్పు ఆపరేషనే. అత్తగారు భ్రమరాంబ తెనాలి పంతులు చేత పెట్టించిన ముహూర్తానికి, నొప్పులైనా రాకముందే కోశారు. శాంతమూర్తి పుడతాడన్నాడు పంతులు. పుట్టిన ఆకాష్ ఇప్పటికి రెండు టీవీలు పగలగొట్టాడు.

రెండోసారి ప్రవళిక మొండికేసింది. "ఈసారి నొప్పులు వడే కంట."

"పాత కుట్టు విడిపోతేనో?" అంది భ్రమరాంబ.

ఆ భయం ఉత్తది కాదు. డాక్టర్ జ్యోతి ఏమీ దాచలేదు. అరుదే గానీ, విడిపోతే ఇద్దరికీ ప్రమాదం. పాత కోత గర్భసంచి కింది భాగంలో అడ్డంగా ఉంది కాబట్టి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉండాలి, బిడ్డ గుండెను కనిపెట్టుకుని ఉండాలి. గురువారానికి నొప్పులు రాకపోతే ఆపరేషనే.

ఇంత చెబితే భ్రమరాంబ చెవికెక్కింది 'గురువారం' ఒక్కటే. సాయంత్రానికల్లా తెనాలి నుంచి ముహూర్తం దిగింది: పది నలభై రెండు.

ఇక నొప్పులు రావాలని ప్రవళికకు రోజూ నడకే. వెనక మొగుడు చైతన్య రొప్పుకుంటూ. గురువారం తెల్లవారుతుండగా కేకేసింది, ప్రమోషన్ వచ్చినట్టు: "అత్తమ్మా, నొప్పులొచ్చినయ్!"

ఆసుపత్రిలో పది నలభై రెండయింది.

"డాక్టరుగారండీ, టైమైందండీ!" అంది భ్రమరాంబ.

"మీకైంది, బిడ్డకు కాలేదు. గుండె చక్కగా కొట్టుకుంటోంది."

మళ్లీ తెనాలికి ఫోను. పంతులు ఉదారుడు, పదకొండూ యాభై ఎనిమిది ఇచ్చాడు. అదీ దాటింది. ఒకటిన్నరకు రాహుకాలం, ఈలోపు ఎప్పుడైనా ఫరవాలేదన్నాడు.

లోపలికి ఒక్కరినే రానిస్తారు. చైతన్యకు గుండె చప్పుడు మిషను చూసే కళ్లు తిరిగాయి కాబట్టి భ్రమరాంబే వెళ్లింది. చెయ్యి కోడలి గుప్పిట్లో, చూపు గోడ గడియారం మీద.

"ఒకటీ ఇరవై ఐదు! ఐదు నిమిషాలేనే అమ్మాయ్!"

"ఆఫీసుల డెడ్‌లైన్లు సాలవా అత్తమ్మా! జర సప్పుడు జేయకుండ్రి!"

అప్పుడే మిషనులో బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించింది. జ్యోతి ప్రవళికను పక్కకు తిప్పించి, థియేటర్‌కు కబురంపింది. భ్రమరాంబ రెండు చేతులతో కోడలి తల పట్టుకుంది. "నేనున్నా తల్లీ. ఎటైనా సరే, నువ్వూ బిడ్డా బాగుంటే చాలు."

చప్పుడు మళ్లీ పుంజుకుంది. "ఇప్పుడు తొయ్యమ్మా!" అంది జ్యోతి. ఆడపిల్ల, కెవ్వున, తనంతట తనే వచ్చింది.

కాసేపటికి తెనాలి నుంచి ఫోను. "జాతకం రాయాలమ్మా, ఎన్నింటికి పుట్టింది?"

భ్రమరాంబ పిల్లను ఒళ్లో సర్దుకుంది.

"గడియారం చూళ్లేదండీ. పిల్లని చూస్తున్నాను."