సెకన్ల బాబాయి, కొత్త తెర

ఎవరైనా ఏదైనా బాగుందంటే చాలు, సెకన్ల బాబాయి జేబులోంచి స్టాప్‌వాచీ తీసేవాడు. దుమ్ము తగిలితే కొందరికి తుమ్ములొచ్చినట్టు, మెచ్చుకోలు చెవినబడితే ఆయనకి కొలవబుద్ధయ్యేది.

ఆ రోగం ఉద్యోగంతో అంటుకుంది. పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు చీకటి గదిలో ఫిల్ములు కడిగాడు. రెండు సెకన్లు ఎక్కువైతే పేజీ నల్లబడేది, తక్కువైతే పాలిపోయేది. కంప్యూటర్లొచ్చి చీకటి గది మూతపడ్డాక, అచ్చుకి వెళ్లే పేజీలు సరిచూసే పని అప్పగించారు. గది పోయింది గానీ వాచీ పోలేదు. ఇంట్లో పిన్ని "ఐదు నిమిషాల్లో తయారైపోతా" అంటే గుమ్మంలో నిలబడి మీట నొక్కేవాడు. "నలభై మూడు!" అని వీధికి వినబడేలా ప్రకటించిన రోజున, ఆవిడ వాచీని పిండి డబ్బాలో పాతిపెట్టింది.

"దొరకడానికి పదకొండు నిమిషాలు పట్టింది" అని ఆఫీసులో చెప్పాడు.

"వాచీ లేకుండా ఎలా కొలిచారు బాబాయ్?" అని అడిగింది మ్యాపులక్క. భూగోళం పుస్తకాల్లో పటాలు గీసేది ఆమె. అందుకే ఆ పేరు.

"గోడ గడియారంతో. దానిమీద నాకు నమ్మకం లేదు. అందుకే సుమారుగా చెబుతున్నా."

ఇలాంటి మనిషి ఉన్న ఆఫీసులోకి, తెరమీద బొమ్మలూ అక్షరాలూ గీసే కొత్త వ్యవస్థ ఒకటి వచ్చింది. కంపెనీ మనిషి టై సర్దుకుని తెరమీద ఒక గులాబీ పూయించాడు. దాని మీంచి గాజులాంటి కిటికీ ఒకటి తేలుకుంటూ వెళ్లింది. కిటికీ కింద మెత్తటి నీడ కూడా పడింది.

"అద్భుతం!" అన్నాడు మేనేజరు.

వెనకనుంచి టిక్కుమంది.

"గులాబీ బాగుంది నాయనా. మేం గులాబీలు అచ్చెయ్యం. ఎనిమిదో తరగతి భూగోళంలో నదుల పటం తెరువు" అన్నాడు బాబాయి.

తెరిచాడు. ముందు సముద్రం వచ్చింది. కాసేపు ఆలోచించుకుని తీరం వచ్చింది. తర్వాత ఒక్కో నదీ, కుళాయి కింద బిందె నిండినట్టు, మెల్లగా కొండలు దిగసాగింది.

"యాభై ఎనిమిది సెకన్లు. పాతదాంట్లో ఏడు."

"మెమరీ పెంచాలి సార్."

"ఎవరిది? ఆ ముక్క ముందే చెప్పడం మర్చిపోయావు, నీదేనా?"

అయినా కొన్నారు. గులాబీకి అంత బలముంది. నెల తిరిగేసరికి "వాడకం నూటికి నూరు శాతం" అని మేనేజరు పైవాళ్లకి నివేదిక పంపాడు. బాబాయి పన్నెండు మెషీన్లూ తిరిగి లెక్కపెట్టొచ్చాడు. ఐదుగురు నీడలూ నునుపులూ అన్నీ ఆపేసి పనిచేసుకుంటున్నారు. నలుగురు మేనేజరు వీపు కనబడగానే పాతదానికి మారిపోతున్నారు. ఒకటి ప్రూఫులు దిద్దే పెద్దాయనది, ఆయన మాత్రం కొత్తదాన్ని ఉన్నదున్నట్టే వాడుకుంటున్నాడు. ఒకటి మేనేజరుది. ఆయన తెరమీద ఫైళ్లు లేవు, చేపలు ఈదుతున్నాయి.

మిగిలింది మ్యాపులక్క. పటాలు మాత్రం కొత్తదాంట్లోనే గీయాలని మేనేజరు ప్రత్యేకంగా ఆజ్ఞ వేశాడు, వచ్చినవాళ్లకి చూపించుకోవడానికి. రోజుకి పద్నాలుగు పేజీలు చేసే మనిషి ఆరుకి దిగింది. ఊరిపేరు ఒక్కటి జరిపితే చాలు, పటమంతా మాయమై మళ్లీ సముద్రం దగ్గర్నుంచి మొదలయ్యేది. అది చాలనట్టు, బాబాయి రోజూ ఆమె వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, టిక్కు టిక్కుమనిపిస్తూ నోటు పుస్తకంలో ఏదో గీకడం మొదలుపెట్టాడు.

మూడువారాలు ఓర్చుకుంది. ఆపైన ఆమెవల్ల కాలేదు.

"బాబాయ్! నా చేతులెంత మొద్దుబారాయో లెక్కేసి మేనేజరుకి ఇస్తారా? ఇచ్చుకోండి! ఈ మెషీనుతో ఒక్కరోజు వేగి చూడండి, తెలుస్తుంది!"

బాబాయి తలెత్తలేదు. "మూడో నది దగ్గరున్నావు. కానివ్వు" అన్నాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ నెలాఖరు మీటింగులో మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "అందరూ వేగం పుంజుకున్నారు. మ్యాపులావిడ చెయ్యే మందగించింది. వచ్చే నెలనుంచి గోడౌన్లో పార్సిళ్లు కడితే ఆవిడకీ సుఖం, మనకీ సుఖం."

"ఆ చేతిని నేను కొలిచాను" అంటూ లేచాడు బాబాయి. అయిపోయింది నా పని అనుకుని మ్యాపులక్క తల దించుకుంది.

"నిన్న ఏడు గంటల పని. ఈవిడ చెయ్యి కదిలింది రెండు గంటల యాభై నిమిషాలు. తెర నదులు గీసుకుంటూ కూర్చున్నది నాలుగు గంటల పది నిమిషాలు. ఇరవై రెండు రోజులూ ఇదే వరస. పేజీకి చేతిపని ఇరవై ఎనిమిది నిమిషాలు పడుతోంది, ఇదివరకు ముప్ఫై పట్టేది. చెయ్యి వేగం పెరిగిందండీ. మందగించింది మీరు కొన్నది."

"మీ లెక్కలో తప్పుండొచ్చు."

"అయితే మీరే కూర్చోండి. ఒక్క ఊరిని అరంగుళం జరపండి."

మేనేజరు కూర్చున్నాడు. జరిపాడు. పటం మాయమైంది. ఓపికలేక ఇంకో మూడుసార్లు నొక్కాడు. ఆజ్ఞ పాటించడంలో ఆ వ్యవస్థకి సాటిలేదు. నొక్కిన ప్రతిసారికీ సముద్రం మొదలు నదులన్నీ గీసింది.

"నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు" అన్నాడు బాబాయి. "ఊరు జరిగింది. ఇప్పుడు గోడౌన్‌కి ఎవర్ని పంపుదామంటారు?"

ఆ సాయంత్రమే పటాలు పాతదానికి మారాయి. నివేదికలో దాన్ని "దశలవారీ అమలు" అన్నారు.

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్, అన్ని మాటలు పడ్డారు" అంది మ్యాపులక్క.

"చెబితే నాకోసం చేతులు పరిగెత్తించేదానివి. లెక్క పాడైపోయేది" అని విసుక్కున్నాడు.

మర్నాడు ఉడుకుమోతుతనంతో మేనేజరు ఆ వ్యవస్థని అన్ని మెషీన్లలోంచీ పీకించబోయాడు. ప్రూఫుల పెద్దాయన బల్లకి అడ్డంగా నిలబడింది సెకన్ల బాబాయే!

"దీన్ని ముట్టుకోవద్దు. పాతదాంట్లో అక్షరాలు పళ్లూడిన దువ్వెనల్లా ఉంటాయి. ఈయనకి చూపు ఆనడం లేదు, పైకి చెప్పుకోడు. ఇందులో నున్నగా కనబడుతున్నాయి. వేగం ఈయనకెందుకూ, ఎలాగూ ప్రతి లైనూ మూడుసార్లు చదువుతాడు."

వారం గడిచింది. ప్రూఫుల పెద్దాయన ఒక పేజీ పట్టుకుని హుషారుగా వచ్చాడు. దాన్ని సరిచూసి అచ్చుకి పంపమని సంతకం పెట్టింది బాబాయే. అందులో, కొత్త తెరమీద దొరికిన మూడు తప్పులు ఎర్రసిరాతో చుట్టి ఉన్నాయి.

బాబాయి ఆ మూడు సున్నాలూ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"చూశావటే అమ్మాయ్" అన్నాడు మ్యాపులక్కతో, "నే మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, ఇది పనికిమాలిన తెర అని!"