నీళ్ల రీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నానికి ముందూ సినిమా మాటలే, అన్నం తిన్నాకా సినిమా మాటలే. మా అమ్మ తమ్ముడిని మేము మామూ అని పిలిచేవాళ్లం. ఆయన సంసారమూ మా ఇంట్లోనే ఉండేది. ఆళ్లగడ్డలో రుద్రవరం పోయే దారి పక్కన ఆయనకు ఒక డేరా టాకీసు ఉండేది. వారానికోసారి బస్సెక్కి నంద్యాలకు పోయి సినిమా పెట్టె తెచ్చేవాడు. ఏ సినిమా తేవాలన్నది మాత్రం మా వంటింటి గడప దగ్గరే తేలేది. మా అమ్మ, మామూ భార్య, ఇరుగుపొరుగు ఆడవాళ్లు చెనిక్కాయలు ఒలుస్తూ కిందటి వారం చూసిన సినిమాను విప్పి ఆరబోసేవాళ్లు. అందులో తల్లి ఏడుపు ఉత్త నటన అని ఒకరు, ఆ అత్త అచ్చం మా అత్తేనని మరొకరు. మామూ గోడకానుకుని, ఏమీ పట్టనివాడిలా అన్నీ వినేవాడు.

పెట్టెతో పాటు, సినిమాకు ముందు తప్పనిసరిగా వేయాల్సిన ప్రభుత్వం వారి డాక్యుమెంటరీ రీలు ఒకటి వచ్చేది. అది ఆడినంతసేపూ మగవాళ్లు బీడీలకు బయటికి పోయేవాళ్లు. చాలా డేరాల్లో ఏ రీలు దొరికితే అది వేసి పని అయిందనిపించేవాళ్లు. మామూ మాత్రం దాన్ని కూడా ఏరుకునేవాడు. కరువు రీలు వేసిన వెంటనే పెళ్లి విందుల సినిమా వేస్తే జనం మనసు విరుగుతుందనేవాడు. ఏది ముందు, ఏది వెనుక అన్నదాని మీద ఆయనకూ మా అమ్మకూ వాదులాటలు జరిగేవి.

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం, రుద్రవరం వైపు ఒక ఊర్లో పాత పగల కింద ఒక మనిషిని పట్టపగలు బస్సు దిగుతుండగా నరికి చంపారు. ఆయనకు ఒక్కడే కొడుకు, పదో తరగతి చదివేవాడు. అది జరిగిన కొన్నాళ్లకే మా డేరాలో ఒక సినిమా పడింది. తండ్రిని చంపినవాళ్లను కొడుకు వెతికి వెతికి చంపే కథ. జనం విరగబడి వచ్చారు. చెనిక్కాయల దగ్గర కూడా అందరూ దాన్ని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

ఆ పిల్లవాడి చిన్నాయనలు వాణ్ణి రోజూ సాయంకాలం జీపులో తెచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టేవాళ్లు. ఆడవాళ్ల వైపు నుంచి నాకు వాడు బాగా కనిపించేవాడు. గుండు చేసిన తల మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. తెర మీద హీరో కొడవలి ఎత్తినప్పుడల్లా చిన్నాయనలు తెరను వదిలేసి వాడి మొహంలోకి చూసేవాళ్లు, వీపు తట్టేవాళ్లు. వాడు రెప్ప వేయకుండా కూర్చునేవాడు. ఆ కళ్లు ఎర్రగా, వాచిపోయి ఉండేవి.

ఒక మధ్యాహ్నం వాడి తల్లి మా ఇంటికి వచ్చింది. కొంగు నిండా కప్పుకుని, గడప దాటకుండా నిలబడింది.

"అన్నా, ఆ సినిమా తీసెయ్. నా కొడుకును దినామూ తీసకపోతాండారు. వాడు తినల్యా, పండుకోల్యా. ఇంట్లో యెవురికీ నా మాట పట్టదు."

మామూ భార్య ఆమెకు చెంబుతో నీళ్లిచ్చింది. మామూ లేచి వీధిలోకి తొంగి చూసి వచ్చాడు. "నువ్వు ఈడికొచ్చినట్ల యెవురికీ చెప్పగాకమ్మా, పో" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన పెట్టె సర్దుకుని నంద్యాలకు బయల్దేరాడు. సెలవులు కావడంతో నన్నూ వెంట తీసుకుపోయాడు. సినిమా పెట్టెలు ఇచ్చే ఆఫీసులో గుమాస్తా ఆయన వైపు వింతగా చూశాడు.

"ఆడతాండే సినిమాను వాపసు తెచ్చినావేందప్పా? మతి పోయిందా?"

"నాకు సాలు. నెమ్మదిగా ఉండేదేమన్నా ఇయ్యి" అన్నాడు మామూ.

ఇంటిల్లిపాదీ చూసే కుటుంబ కథ ఒకటి ఇచ్చారు. డాక్యుమెంటరీ రీళ్ల దగ్గర మాత్రం మామూ చాలాసేపు ఆగాడు. ఒకదాంట్లో ఫ్యాక్టరీ, ఒకదాంట్లో కవాతు, ఒకదాంట్లో ఆనకట్ట. అన్నీ పక్కన పెట్టి, ఏదో నది మీద పడవలు నడిపేవాళ్ల రీలు తీసుకున్నాడు.

ఆ సాయంకాలం జీపు మామూలుగానే వచ్చింది. సినిమా మారిందని చిన్నాయనలకు లోపలికి వచ్చేదాకా తెలియదు. దీపాలు ఆరిపోయాయి. తెర మీద నది వచ్చింది. పెద్ద మాటలేమీ లేవు. తెడ్డు నీళ్లలో పడుతున్న చప్పుడు, ఒక ముసలాయన కూనిరాగం, పడవ అంచున పారుతున్న నీళ్లు. మగవాళ్లు బీడీలకు లేచిపోయారు. చిన్నాయనలూ లేచారు. నేను ముందు బెంచీ వైపు చూశాను. ఆ పిల్లవాడి తల మెల్లగా వాలింది. వాడు బెంచీ మీదికి ఒరిగి, కాళ్లు ముడుచుకుని, చంటిబిడ్డలా నిద్రపోయాడు.

రీలు అయిపోయింది. ఆపరేటరు సినిమా ఎక్కించబోతుంటే మామూ పోయి అతని చెయ్యి పట్టుకున్నాడు. మళ్లీ అదే రీలు వేయించాడు. బయటి నుంచి వచ్చినవాళ్లు కాసేపు ఓర్చుకుని, ఆ తర్వాత ఈలలు, కేకలు మొదలుపెట్టారు. "సినిమా వెయ్యండ్రా! నీళ్లు సూడనీక వచ్చినామా?" అని అరిచారు. ఆ గోలకు కూడా వాడు లేవలేదు. మూడోసారి నది తెర మీదికి వచ్చినప్పుడు చిన్నాయనల్లో పెద్దవాడు మామూ దగ్గరికి వచ్చాడు.

"ఏందీ, యేసాలు పడతాండావా? మా వానికి ఆ సినిమానే కావల్ల. రేపు అదే ఆడల్ల."

"పెట్టె వాపసిచ్చినాన్నా. ఇంక నా డేరాలో అది ఆడదు" అన్నాడు మామూ. "పిల్లోడు పండుకున్నాడు. రోంతసేపు ఉండనియ్యండి."

వాళ్లు పిల్లవాణ్ణి రెక్క పట్టి లేపారు. ఎక్కడున్నాడో తెలియక వాడు తెర వైపు చూశాడు. జీపు వెళ్లిపోయింది.

రెండు రోజులు కాకముందే, ఒక మధ్యాహ్నం డేరా తగలబడింది. మేము పరుగెత్తుకుపోయేసరికి గుడ్డ అంతా కాలి, గుంజలు పొగలు కక్కుతున్నాయి. ప్రొజెక్టరు నల్లటి ఇనుప ముద్ద అయింది. రీళ్లేవీ మిగల్లేదు. ఎవరు అంటించారో ఊరందరికీ తెలుసు, చూశామన్నవాళ్లు ఒక్కరూ లేరు. మామూ కాలిన బెంచీ పక్కన గొంతుకూర్చుని బూడిదలో చేతులు పెట్టి ఏదో వెతుకుతున్నాడు. మా అమ్మ వచ్చి ఆయన్ను లేపుకుపోయింది. ఆ తర్వాత ఆయన సంసారం నంద్యాలకు మారింది. అక్కడ ఒక హాలు గేటు దగ్గర టికెట్లు చింపే పనిలో కుదిరాడు. సినిమాల గురించి మాట్లాడడం మానేశాడు. మా ఇంట్లోనూ ఆ మాటలు ఆగిపోయాయి.

ఆ పిల్లవాడు ఎక్కువ కాలం బతకలేదు. మీసాలు కూడా సరిగా రాకముందే చిన్నాయనలు వాణ్ణి ముందు నిలబెట్టి అవతలి వాళ్ల మీదికి పోయారు. తీసుకుపోయినవాళ్లు తిరిగొచ్చారు, వాడు రాలేదు.

తర్వాత వచ్చిన సెలవుల్లో నేను నంద్యాలలో మామూ ఇంట్లో ఉన్నాను. వాడి తల్లి అడ్రసు కనుక్కుని అక్కడికి వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది.

"మావాడు వూరికె వూరికె అడుగుతాండె అన్నా. అమ్మా, ఆ నీళ్ల సినిమా మళ్ల యాడ ఆడతాదీ అని. ఆ పొద్దు నాకు నిద్ర పట్టింది, ఇంకోసారి పోదామా అని. నేనే తీసకపోలేకపోతి. అది నాకొకసారి సూపిస్తావా?"

మామూ తల అడ్డంగా ఊపాడు. "కాలిపాయెనమ్మా" అన్నాడు. ఆమె ఏడవలేదు. బస్సు వేళవుతుందని లేచిపోయింది.

ఆమె వెళ్లాక నేను ఉండబట్టలేక అడిగాను. "ఏం లాభం మామూ? డేరా పాయె, ఆ పిల్లోడూ పాయె."

"లాభమని యెవురన్నారే?" అన్నాడు. "ఆ పొద్దు వానికి ఏం కావల్నో నాకు కండ్లకు కనపడె. కనపడినాక ఇంకోటి యెట్ల వేసేది?"

ఎనభైలలో నేను నంద్యాలలో టీచరునయ్యాను. ప్రొజెక్టరు అద్దెకు తెచ్చి బడి పిల్లలకు సినిమాలు వేసే బాధ్యత నాకు అప్పగించారు. నేను రీలు ఎక్కించే ముందు తరగతి తరగతికీ పోయి పిల్లల మొహాలు చూసి వచ్చేదాన్ని. ఎవరింట్లో చావు జరిగింది, ఎవరి నాయన జైల్లో ఉన్నాడు, ఎవరు రాత్రంతా మేలుకుని వచ్చారు అని వాకబు చేసేదాన్ని. తోటి టీచర్లు దాన్ని చాదస్తం అనుకునేవాళ్లు. కొన్నిసార్లు నేను ఎంచింది తప్పయ్యేది. సినిమా మధ్యలో ఒక పిల్ల ఏడ్చుకుంటూ బయటికి పోతే దాని వెంట నేనూ పోయి కూర్చునేదాన్ని.

ఉద్యోగం వదిలి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా వచ్చి, "మేడం, మంచి సినిమా ఒకటి వచ్చింది, పిల్లలకు చూపిద్దామా?" అని అడుగుతుంటారు. సినిమా పేరు నేను తర్వాత అడుగుతాను. ముందు, "ఏ పిల్లలకు?" అంటాను.