బాణం తిప్పిన నక్షా

ఇంజనీరుగా నేను కట్టిన వాటిలో ఒక్క భవనానికే సర్కారు మెచ్చుకోలు ఫలకం వచ్చింది. దాన్ని నా చేతులతోనే గోడకు బిగించాను. ఆ భవనం గుర్తుకొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

మాది జనగామ. రాష్ట్రం కోసం ఊరూరా ఉద్యమం నడుస్తున్న రోజుల్లో నేను మహబూబాబాద్‌లో సర్కారు ఇంజనీరుని. పొద్దున్నే జనగామ స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కేవాణ్ని. రైలురోకో ఉన్న రోజున బండి మధ్యలో ఆగిపోయేది, ఆపినవాళ్లలో ఒక్కోసారి నేనూ ఉండేవాణ్ని. మధ్యాహ్నం అన్నం వేళకు దీక్షా శిబిరానికి పోయి మైకు దొరికితే వదిలేవాణ్ని కాదు. నా పాటకు ఎప్పుడూ ఒకటే పల్లవి. మన పిల్లల బాగోగులు ఎక్కడో కూర్చుని సంతకాలు పెట్టేవాళ్లకు ఏం తెలుసు? మన రాష్ట్రం మనకొస్తే మన ఇంజనీర్లు మన పిల్లల కోసం కడతారు. చప్పట్లు బాగానే పడేవి. నోరు నాకు చిన్నప్పటి నుంచీ పెద్దదే.

ఆ రోజుల్లోనే పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట సర్కారు భవనాలు కరెంటు పొదుపు చేసేలా కట్టాలట. పగటిపూట లైటు అవసరం పడకూడదు, గాలి దానంతట అది ఆడాలి, గోడలూ కప్పూ వేడెక్కకూడదు. కట్టడం పూర్తయ్యాక ఒక ఫారం నింపి, అన్నీ ఉన్నాయని ఇంజనీరు సంతకం చేయాలి. మా ఆఫీసులో దాన్ని చదివి నవ్వనివాడు లేడు. సగం దినం కరెంటే ఉండదు, ఇక పొదుపు చేసేదేముంది అని. నేనూ నవ్వాను. కానీ దాని వెంట వచ్చిన నక్షా చూశాక నా నవ్వు ఆగింది.

మరిపెడ దారిలో ఒక తండా పక్కన కట్టాల్సిన ఆడపిల్లల హాస్టల్ నక్షా అది. గీసినవాడెవరో గానీ బుర్ర ఉన్నవాడు. పిల్లలు పడుకునే గదులన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. ఆ వరుసకు పడమటి వైపు పొడుగునా వెడల్పాటి వరండా, తూర్పు వైపు పెద్ద పెద్ద కిటికీలు. పొద్దుటి లేత ఎండ కిటికీల్లోంచి వచ్చి గదికి వెలుతురిస్తుంది. మధ్యాహ్నం తర్వాతి మండుటెండ వరండా దగ్గరే ఆగిపోతుంది, గది గోడను తాకనే తాకదు. ఫ్యాను తిరగకపోయినా పిల్లలు హాయిగా ఉంటారు. కాగితం మూలన ఉత్తర దిక్కు చూపించే చిన్న బాణం ఉంది. ఆ తెలివంతా ఆ బాణం మీదే ఆధారపడి ఉంది.

జాగా ఇచ్చినాయన ఆ ఊరి పెద్ద రైతు. మాకు చుట్టరికం, వరసకు నాకు మామ. రోడ్డు జాగాకు తూర్పున ఉంది. నక్షాలో ఉన్నట్టు కడితే వరండా, గుమ్మాలు పడమటికి పోతాయి, బిల్డింగు రోడ్డుకు వీపు చూపిస్తుంది. అది ఆయనకు గిట్టలేదు. వాస్తు చెప్పే అయ్యగారిని బండి మీద ఎక్కించుకుని మరీ వచ్చాడు. అయ్యగారు దిక్కులు చూసి, తూర్పు ముఖం ఉంటే పిల్లలకు చదువొస్తుందన్నాడు. మామ నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు.

“అల్లుడా, నక్షా జర అటుదిటు తిప్పరాదా? పోయేదేమున్నది?”

పోయేదేమిటో నాకు తెలుసు. అక్కడే చెప్పాల్సింది. చెబితే ఆయన నాలుగు రోజులు అలిగేవాడు, పెళ్లిళ్లలో కలిస్తే మొహం తిప్పుకునేవాడు. అంతకు మించి నా మెడ మీదికి వచ్చేదేమీ లేదు. పై ఆఫీసును అడగొచ్చు, కానీ అడిగితే వద్దంటారని కూడా తెలుసు. అందుకే అడగలేదు. ఆఫీసులో నా బల్ల దగ్గర కూర్చుని, సగం బ్లేడుతో ఆ బాణాన్ని మెల్లగా గీకేసి, తలకిందులుగా మళ్లీ గీశాను. కాగితం చిరగకుండా సిరా గీకడం మా పాత డ్రాఫ్ట్స్‌మన్ దగ్గర నేర్చుకున్న విద్య. ఇక నక్షాలో ఎట్లా ఉందో నేల మీదా అట్లాగే వస్తుంది. వరండా తూర్పుకు, పెద్ద కిటికీలు పడమటికి.

పునాదులకు ముగ్గు పోయించిన రోజున హాస్టల్లో వంట చేసే అక్క వచ్చింది. హాస్టల్ అప్పుడు ఊళ్లో ఒక అద్దె ఇంట్లో నడిచేది. ఆమెది ఆ పక్క తండానే. ఇంట్లో వాళ్ల భాష మాట్లాడుకున్నా మాతో మా తెలుగే మాట్లాడేది. ఒక్కతే బిడ్డ, అదే హాస్టల్లో ఉండి తొమ్మిది చదువుతోంది. పది పాసైతే నర్సు చదువుకు పంపాలని, దవాఖానలో తెల్లబట్టలేసుకుని తిరుగుతుంటే చూడాలని ఆమె ఆశ. కలిసిన ప్రతిసారీ ఆ మాట చెప్పేది, నర్సు కావాలంటే ఇంకేం చదవాలని నన్ను అడిగేది. ఆ రోజు ముగ్గు గీతల మధ్య అటూ ఇటూ నడిచి చూసింది. ఒకచోట నిలబడి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“సారూ, మాపటీలి ఎండ గిటు నుంచే గొడ్తది. పిల్లలు పండేది గిటేనా?”

నా పక్కన మామ ఉన్నాడు, మేస్త్రీ ఉన్నాడు. వాళ్ల ముందు ఒక వంటమనిషి నా లెక్క తప్పు పట్టడం నాకు ఒళ్లు మండించింది. అంతకన్నా, ఆమె చెప్పింది నిజం కావడం ఎక్కువ మండించింది.

“నువ్వు వంట సూస్కో అక్కా. నక్షా మేం సూస్కుంటం.”

అందరూ నవ్వారు. ఆమె కూడా చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని కాస్త నవ్వి, ముగ్గు తొక్కకుండా బయటికి అడుగేసి వెళ్లిపోయింది.

ఏడాదిలో కట్టడం పూర్తయింది. ఫారం నా బల్ల మీదికి వచ్చినప్పుడు సమ్మె నడుస్తోంది. మేం పెన్నులు కింద పెట్టి రోడ్ల మీద వంటావార్పు చేస్తున్నాం. సమ్మె ముగిశాక పేరుకుపోయిన కాగితాల కుప్పలో దాన్ని నింపాను. కిటికీలు చెప్పిన కొలతకే ఉన్నాయా? ఉన్నాయి. వరండా ఉందా? ఉంది. కప్పు మీద తెల్లసున్నం పూత? ఉంది. భవనం దిక్కు నక్షా ప్రకారమేనా? ఒక్క క్షణం ఆగాను. నక్షా ప్రకారమే. టిక్కు పెట్టాను. విడివిడిగా చూస్తే అందులో ఒక్క అబద్ధం లేదు. అట్లాంటి అబద్ధం ఆడటానికి చదువుకున్నవాడే కావాలి.

తనిఖీకి వచ్చిన అధికారి ఫారం చేతపట్టుకుని కిటికీలు కొలిచాడు, వరండా కొలిచాడు, కప్పెక్కి సున్నం చూశాడు. ఎండ ఎటు నుంచి కొడుతుందో చూడాలని ఫారంలో ఎక్కడా లేదు. తర్వాత కరెంటు బిల్లులు కూడా తెప్పించుకున్నారట, చాలా తక్కువ వచ్చాయట. కరెంటే ఇవ్వకపోతే బిల్లు తక్కువ రాక ఏం చేస్తుంది? మొత్తానికి పొదుపు భవనమని ఇత్తడి ఫలకం మంజూరైంది.

దాన్ని బిగించడానికి పోయింది ఏప్రిల్‌లో, సాయంత్రం నాలుగింటికి. గదిలో అడుగుపెట్టగానే తందూరు పొయ్యి మూత తీసినట్టు మొహానికి కొట్టింది. పడమటి కిటికీలకు తడి చద్దర్లు కట్టారు. కొన్నింటికి మిరపకాయల గోనెసంచులు, అట్టముక్కలు అడ్డం పెట్టారు. వెలుతురు కోసమని పెట్టిన కిటికీలు మూసుకుని, కరెంటు లేని గదిలో చీకట్లో బతుకుతున్నారు. పిల్లలంతా తూర్పు వరండాలో ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చుని పుస్తకాలు చదువుకుంటున్నారు. నన్ను చూసి లేచి నమస్తే సార్ అన్నారు.

ఫలకం బిగించాక వంటక్కను, బిడ్డ పరీక్షలు ఎట్లా రాసిందని అడిగాను. వార్డెన్ మేడం పక్కనే ఉంది. అక్క తల వంచుకుంది. ఫిబ్రవరి దాటిన కాడి నుంచి పిల్లకు రోజూ ముక్కులోంచి నెత్తురు కారిందట. రెండుసార్లు చదువుకుంటూనే పడిపోయిందట. భయపడి తండాకు తీసుకుపోయింది. ఇంట్లో అందరూ మిరప తోటల్లో కూలికి పోతున్నారు, ఖాళీగా ఎందుకని పిల్ల కూడా పోయింది. పరీక్షలు వచ్చాయి, పోయాయి. పిల్ల ఇక హాస్టల్‌కు తిరిగి రాలేదు.

“అందరు పిల్లలు ఉండలేదా సారూ. నా బిడ్డకే ఓర్పు తక్కువాయె.”

పోయొస్త అక్కా అని మాత్రం అన్నాను. శిబిరంలో మైకు పట్టుకుంటే వదలని నోరు అది. రైల్లో జనగామకు పోతూ నన్ను నేను సముదాయించుకున్నాను. ఎండలు ఎక్కువ, కరెంటు కోతలు ఎక్కువ, పిల్ల ఒంట్లో నెత్తురు తక్కువ. అన్నీ నిజాలే. ఫారం నింపినప్పుడు కూడా అన్నీ నిజాలే రాశాను కదా.

ఆ తర్వాత భూపాలపల్లికి బదిలీ అయింది. కాటారం వైపు మరో హాస్టల్ కట్టాను. అక్కడా భవనం ముఖం తిప్పమని పెద్దమనుషులు వచ్చారు. ఈసారి తిప్పలేదు. ఎంత గట్టిగా మాట్లాడానంటే వచ్చినవాళ్లు నాకేదో అయిందనుకుని వెళ్లిపోయారు. ఆ గదులు చల్లగా ఉన్నాయని అందరూ మెచ్చుకుంటే నాకు సంతోషం కలగలేదు. చేతనయ్యి కూడా మరిపెడ దారిలో చేయలేదని రుజువైంది, అంతే.

అదే ఏడాది ఇంజనీర్లకు ఒక శిక్షణ పెట్టారు. మంచి నమూనాలంటూ తెర మీద బొమ్మలు చూపించారు. అందులో మరిపెడ దారి హాస్టల్ ఒకటి. తూర్పు నుంచి తీసిన ఫోటో, వరండా కళకళలాడుతూ ఉంది. నా వైపు చూపించి చప్పట్లు కొట్టించారు. లేచి నిలబడి దండం పెట్టాను. ఆ దండం పెట్టిన చేతులు నరుక్కోవాలనిపించింది.

ఇంటికొచ్చి పై ఆఫీసుకు అర్జీ రాశాను. ఆ హాస్టల్‌కు పడమటి వైపు కూడా ఒక వరండా గానీ రేకుల పందిరి గానీ మంజూరు చేయాలని. ఎందుకో మాత్రం రాయలేదు, పిల్లల సౌకర్యం కోసమని రాసి ఊరుకున్నాను. జవాబు తొందరగానే వచ్చింది. సదరు భవనం అన్ని ప్రమాణాలకు సరిపోయిందని తమరే ధ్రువీకరించారు, ఫలకం కూడా పొందింది, కనుక అదనపు పని అవసరం లేదు. నా సంతకమే నా అర్జీకి అడ్డం పడింది. దాన్ని తొలగించాలంటే ఒకటే దారి. బాణం నేనే తిప్పానని రాసివ్వాలి. రాస్తే సస్పెన్షన్ తప్పదు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఒక ఎండాకాలం గడిపేశాను.

రాష్ట్రం వచ్చింది. జనగామ చౌరస్తాలో రంగులు చల్లుకున్నాం, తెలియనివాళ్లను కూడా కావలించుకున్నాం. ఎవరో నన్ను భుజాల మీదికెత్తి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన ఇంజనీర్లు మన పిల్లల కోసం, అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆనందంతో అరిచి అలిసిపోయాననుకుని నన్ను దించి నీళ్లు తాగించారు.

బడులు తెరిచిన వారంలో హాస్టల్‌కు పోయాను. అక్క ఒక్కతే వంటింట్లో పప్పు కలుపుతోంది. నిలబడే చెప్పేశాను. వరండా నువ్వు ఎండ కొడుతుందన్న వైపే ఉండాల్సిందనీ, నక్షాలో బాణం నేనే తిప్పాననీ, నీ బిడ్డకు ఓర్పు తక్కువై కాదనీ చెప్పాను. ఆమె గరిటె ఆపలేదు.

“ఎరికే సారూ. పొద్దు ఎటు గుంకుతదో మాకు ఎరికుండదా?”

“మరి ఇన్నేండ్లు నన్నొక్క మాట అడగలేదేంది అక్కా?”

“అడిగిన గద. ముగ్గు పోసిననాడే అడిగిన.”

అంతే. కోపంగా కూడా అనలేదు. బయటికొచ్చి బిల్డింగు వెనక్కి నడిచాను. నాలుగు దాటింది. పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాను, ఉంచలేక తీసేశాను. తూర్పు వరండాలోకి వచ్చి, ఇత్తడి ఫలకం కిందే కూర్చుని, సంచిలోంచి తెల్లకాగితం తీశాను. ఏడాదిగా రాయలేనిది పావుగంటలో అయిపోయింది. నక్షాలో దిక్కు మార్చింది నేనే, నా ధ్రువీకరణ తప్పు, దాన్ని రద్దు చేసి పడమటి వైపు నీడ కట్టించండి.

అక్క చాయ్ తెచ్చి నా పక్కన పెట్టింది. ఏం రాస్తున్నవు సారూ అని అడిగింది. ఆమెకు చదువు రాదు, చదివి వినిపించాను. కాసేపు ఇంకా ఏమైనా ఉందేమో అన్నట్టు కాగితం వైపు చూసింది.

“గంతేనా? నా బిడ్డ సంగతి రాయవా?”

ఇట్లాంటి కాగితాల్లో అవి రాయరక్కా అన్నాను. తల ఊపింది. నేను చాయ్ తాగేదాకా అక్కడే నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది.