పదో తరగతి సర్టిఫికెట్టులోని పుట్టుమచ్చ

ఆ రోజుల్లో మనిషిని గుర్తుపట్టడానికి వేలు నొక్కే మిషన్లు, కంట్లోకి తొంగిచూసే మిషన్లు మా ధర్మవరంలో అప్పుడప్పుడే దిగుతున్నాయి గానీ వాటి మీద ఎవరికీ పెద్దగా నమ్మకం కుదరలేదు. నేను నేనేనని చెప్పడానికి ఈ భూమ్మీద నాకున్న గట్టి సాక్షి ఒక్కటే. అది నా ఎడమ ముంజేతి మీద, మణికట్టుకు నాలుగు వేళ్ల పైన ఉన్న పుట్టుమచ్చ. దాని గురించి పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంగ్లీషులో అచ్చు వేశారు. నా ఒంటి గురించి అంతకు ముందు ఎవరూ ఇంగ్లీషులో రాయలేదు కాబట్టి ఆ మచ్చంటే నాకు మహా గౌరవం. (సర్టిఫికెట్టులో నిజానికి రెండు మచ్చలున్నాయి. రెండోది మెడ మీద అని ఉంటుంది. అది పచ్చి అబద్ధం. క్లాసు సారు మమ్మల్ని వరుసలో నిలబెట్టి "రెండు మచ్చలు చెప్పండ్రా, బిన్నా!" అని తొందర పెడుతుంటే నా ముందువాడు "మెడ మీద సార్" అన్నాడు, నేనూ అదే అన్నాను. ఆ సంవత్సరం మా క్లాసులో సగం మందికి మెడ మీదే మచ్చ.)

నాకు ఇరవై మూడేళ్లప్పుడు సర్కారు ఉద్యోగానికి ఎంపికైనవాళ్ల జాబితాలో నా నంబరు కనిపించింది. నేను ఫోను పట్టుకుని వీధి పొడుగునా పరిగెత్తాను, ఎందుకు పరిగెత్తుతున్నానో చెప్పడం కూడా మరిచిపోయి. మా నాయన మగ్గం గుంతలోంచి కాళ్లు పైకి తీసి, పనిదినాన పట్టపగలు మగ్గం ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. ఇక మిగిలింది సర్టిఫికెట్ల పరిశీలన. దానికి తేదీ మాత్రం ఎవరూ చెప్పరు. వచ్చే నెలన్నారు, ఎండాకాలం పోయాకన్నారు, కోర్టులో కేసు తేలాకన్నారు. నేను రోజుకు పదిసార్లు సర్టిఫికెట్లు తీసి చూసుకుని, మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నాయన పక్క మగ్గంలో కూర్చుని నేస్తూ కాలం గడుపుతున్నాను.

అట్లా నేస్తున్నప్పుడే ఒక మధ్యాహ్నం నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. జరీ చూసుకునే భూతద్దం తీసి నా మచ్చ మీద పెట్టాడు. మగ్గం మీంచి చీర దిగినప్పుడు ఎట్లా చూస్తాడో అట్లాగే, ఒక కన్ను మూసి, ఊపిరి బిగపట్టి చూశాడు.

"ఏమిరా ఇది, అంచు చెదిరిపోయినాది?"

"మచ్చకు అంచేంది నాయనా?"

"నీకు కనపడదులే. ఈ పక్క నున్నగా ఉండాది, ఆ పక్క పోగులు లేసిపోయినట్లుండాది. రంగు చూడు, ఈడ కాఫీ రంగు, ఆడ నల్లగా. పోయినేడు శెనగబద్దంత ఉండె, ఇప్పుడు చూడు. ఇట్లాంటి చీర తీసుకపోతే షావుకారు మొగం మీద కొడతాడు."

మా అవ్వకు ఈ మాట గిట్టలేదు. ఆమె లెక్కలో ఆ మచ్చ మా ఇంటి అదృష్టం. "అది పెరిగినంక కదరా వానికి ఉద్యోగమొచ్చింది! పెరగనీ, ఇంగా పెరగనీ. పెరిగితే నా మనవడు కలెక్టరవుతాడు" అని దిష్టి తీయడానికి ఉప్పు చేతిలోకి తీసుకుంది. నేను మాత్రం ఫోనులో వెతికాను. వెతక్కపోయుంటే బాగుండేది. మారుతున్న మచ్చ, దురద, చర్మ క్యాన్సర్ అన్న మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. పావుగంటలో నేను చచ్చిపోయి, నా ఉద్యోగం జాబితాలో నా తరువాతివాడికి పోయి, వాడు నా కుర్చీలో కూర్చుని టీ తాగుతుండటం కళ్లకు కట్టినట్టు కనిపించింది. చావు కంటే ఆ టీయే ఎక్కువ బాధ పెట్టింది.

మరుసటి పొద్దున్నే నాయనా నేనూ పెనుకొండకు రైలెక్కాం. మా ఇంటి డాక్టరు ఒకప్పుడు మా వీధి మొగదలనే ఉండేవాడు. తరువాత పెనుకొండకు మారాడు, కానీ మేం మాత్రం డాక్టరును మార్చలేదు. నా పుట్టుక, మా అవ్వ మోకాళ్లు, నాయన నడుము అన్నీ ఆయన చేతుల మీదే నడిచాయి. సూది వేసిన పిల్లలకు డబ్బాలోంచి కలకండ తీసి పెడతాడు కాబట్టి ఊరంతా ఆయనకు పెట్టిన పేరు కలకండ డాక్టరు.

నేను చొక్కా చెయ్యి మడిచి మచ్చ చూపించాను. ఆయన చూశాడు, నాయన కంటే ఎక్కువసేపు చూశాడు. "చొక్కా తీయప్పా" అన్నాడు. తీశాను. "ప్యాంటు కూడా."

"సార్, మచ్చ చేతి మీదుండాది!"

"తెలుసు. ఒకటి చూస్తే చాలదు, ఒళ్లంతా చూడాల."

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోక తప్పదు. ఆ రోజు నేను అవ్వ కుట్టిన గళ్ల డ్రాయరు వేసుకున్నాను. గుడ్డ మామూలుదే గానీ దాని నాడా మాత్రం మగ్గం మీద మిగిలిన పట్టుపోగులతో పేనింది. ఆకుపచ్చా ఎరుపూ కలిసి, చివర్లలో జరీ కుచ్చులతో పెళ్లికళ ఉట్టిపడుతోంది. డాక్టరు కళ్లద్దాలు సర్దుకుని, "నాడా శానా బాగుంది, యాడిదప్పా?" అన్నాడు. నాయన మొహం వెలిగిపోయింది. "మా ఇంటిదే సామీ. పక్కా పట్టు" అని రంగుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లిద్దరూ పట్టు గురించి మాట్లాడుకుంటుంటే నేను మధ్యలో చేతులు పైకెత్తి నిలబడి, ఒకవేళ క్యాన్సర్ వదిలిపెట్టినా సిగ్గుతో పోవడం ఖాయమనుకున్నాను.

తరువాత ఆయన లైటు పట్టుకుని వెతికాడు. వీపు, చంకలు, తలలో వెంట్రుకలు పాయలు తీసి, కాలివేళ్ల సందులు, అరికాళ్లు, ఏదీ వదల్లేదు. మెడ దగ్గరికి రాగానే నాకు ఉత్సాహం ఆగలేదు. "సార్, మెడ మీద బాగా చూడండి సార్, ఒకటుండాల. చిన్నదైనా పరవాలేదు!" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. "నేనేమో ఉండకూడదని వెతుకుతాండా. నువ్వు ఉండాలంటావేమప్పా?"

మెడ మీద ఏమీ లేదు. ఎడమ చేతి మీదిదొకటే తేడాగా ఉందన్నాడు. "రెండు సగాలు ఒక తీరుగా లేవు, అంచు సరిగా లేదు, రంగు ఒకటిగా లేదు, పెద్దదైంది, మారుతాండాది. చూసేది ఈ అయిదే" అన్నాడు.

"నేనూ అదే అంటి సామీ" అన్నాడు నాయన నెమ్మదిగా. తను చూసిందంతా మళ్లీ చెప్పాడు.

డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నీకెవరు చెప్పినారు ఇవన్నీ?"

"ఎవరు చెప్తారు సామీ. చీరకు చూసేదే వానికీ చూస్తి."

డాక్టరు నాయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "అమ్మ రాత్నా!" అని ఆశ్చర్యపోతూ గట్టిగా నవ్వి, వెంటనే నవ్వు ఆపి నా వైపు తిరిగాడు. మచ్చ మొత్తం కోసి తీసి పరీక్షకు పంపాలి, ఈ రోజే, ఇప్పుడే అన్నాడు.

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అసలు సంగతి అప్పుడు తట్టింది! పరుగున పోయి మూలనున్న సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చాను (మందుల చీటీ మరిచినా సర్టిఫికెట్లు మరవను). డ్రాయరుతోనే నిలబడి పదో తరగతి సర్టిఫికెట్టు ఆయన ముందు పరిచాను. "ఇది చూడండి సార్! మచ్చ కోసేస్తే నేనెవరో ఎట్ల తెలుస్తాది? రెండోది అబద్ధం సార్, ఉండేదే ఇదొకటి. చేరిపోయినంక కోయండి. నా దండం తీసుకోండి."

"చేరేదెప్పుడు?"

"తేదీ ఇంగా చెప్పలేదు సార్. మూడు నెలలో, ఆరు నెలలో."

"అంతవరకు అది ఊరికే కూచుంటాదా?"

నేను నాయన వైపు చూశాను. నన్ను మగ్గం గుంతలోంచి బయటికి లాగాలని పదిహేనేళ్లుగా తపించినవాడు ఆయన. ఆ ఉద్యోగం నాకంటే ఎక్కువగా ఆయనది. నా పక్కనే నిలబడతాడని నాకు గట్టి నమ్మకం. నాయన సర్టిఫికెట్టు తీసి, దుమ్ము లేకపోయినా తుడిచి, కవర్లో పెట్టేశాడు.

"కాగితం పోతే ఇంగో కాగితం రాసిస్తారు. చెయ్యి యాడ దొరుకుతాదిరా?" అన్నాడు. "గుర్తు కావాలంటే నేనొస్తా. ఎంత పెద్ద ఆఫీసరుకైనా చెప్తా, వీడు నా కొడుకని. నాకంటే పెద్ద గుర్తు ఏముంది? కోయండి సామీ."

నా కళ్లు మసకబారాయి. భయంతో కాదు. నేను చెయ్యి చాపాను. డాక్టరు ముందు నా నోట్లో ఒక కలకండ ముక్క వేశాడు (ఇరవై మూడేళ్లవాడి నోట్లో!), తరువాత మత్తు సూది వేశాడు. కోస్తున్నంతసేపూ నాయన భూతద్దం పట్టుకుని పక్కనే ఉండి, కుట్లు వేసేటప్పుడు మాత్రం "సామీ, ఇంగొంచెం దగ్గరదగ్గరగా" అని ఒకసారి సలహా ఇచ్చాడు. డాక్టరు దాన్ని పాటించాడు కూడా. చివరికి మచ్చ ఫలానా చోట ఉండేదని, దాన్ని తానే తీశానని ఒక కాగితం రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

పరీక్ష ఫలితానికి పన్నెండు రోజులు పట్టింది. అవ్వ నాతో మాట్లాడలేదు, నా కట్టుతో మాట్లాడింది. "నా బంగారును కోసిపారేసినారే" అని దాని మీద చెయ్యి వేసి నిమిరేది. పన్నెండో రోజు డాక్టరు ఫోను చేశాడు. క్యాన్సర్ కాదు. అయితే మంచి మచ్చ కూడా కాదు, దారి తప్పుతోంది, మొత్తం వచ్చేసింది కాబట్టి భయం లేదు, సంవత్సరానికోసారి వచ్చి చూపించుకోమన్నాడు. నాయన ఫోను పెట్టేసి పోయి మగ్గంలో కూర్చున్నాడు. ఆ రోజంతా ఒక్క జానెడు కూడా నేయలేదు.

అయిదు నెలలకు హిందూపురంలో పరిశీలన. నాయన ఇస్త్రీ పంచె కట్టి, కొత్త తువ్వాలు వేసుకుని నాతో వచ్చాడు. రైల్లో పెనుకొండ దాటినప్పటి నుంచి పెదాలు కదుపుతూనే ఉన్నాడు. ఆఫీసరు ముందు చెప్పాల్సింది సాధన చేస్తున్నాడని దిగేటప్పుడు అర్థమైంది. నా వంతు వచ్చింది. నేను చొక్కా చెయ్యి పైకి లాగి, డాక్టరు కాగితం ముందుకు తోసి, "సార్, ఈడ ఒక మచ్చ ఉండేది" అని మొదలుపెట్టాను. గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "మచ్చలు ఎవరు చూస్తారప్పా? ఈడ సంతకం పెట్టు. తరువాత ఎవరు?"

అంతే! నేను ఎగిరి గంతేస్తూ బయటికొచ్చాను. నాయన తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. ఉద్యోగం ఖాయమని చెబితే సంతోషంతో నన్ను గట్టిగా పట్టుకున్నాడు. కొంతసేపటికి పట్టు వదిలి, లోపలికి తొంగిచూసి, చిన్నబోయిన మొహంతో "నన్నెవురూ అడగలేదే?" అన్నాడు.

ఇప్పుడు హిందూపురంలో ఆ గుమాస్తాలాగే బల్ల వెనక నేను కూర్చుంటాను. ఏడాదికోసారి పెనుకొండకు పోయి ఒళ్లంతా చూపించుకుంటాను, కలకండ తింటాను (డ్రాయరు మాత్రం కొట్లో కొన్నది). పరిశీలన రోజుల్లో కుర్రవాళ్లు ప్లాస్టిక్ కవర్లు గుండెకు హత్తుకుని వరుసలో వస్తారు. వాళ్ల చేతి మీద మచ్చ ఉంటే అలవాటుగా దాని అంచు చూస్తాను. మెడ మీద ఉందని రాసుంటే నవ్వుకుని ఊరుకుంటాను. సంతకం పెట్టించుకున్నాక ఒకసారి తల ఎత్తి తలుపు వైపు చూస్తాను. అక్కడ తువ్వాలు సర్దుకుంటూ ఎవరో ఒక పెద్దాయన నిలబడే ఉంటాడు. రూల్సులో ఎక్కడా లేకపోయినా ఆయన్ని లోపలికి పిలిచి అడుగుతాను.

"ఏమప్పా, వీడు నీ కొడుకేనా?"