ముద్దకో గుక్క

బసంత్‌నగర్ దగ్గర బస్సు చెడిపోయింది. అందరం దిగి చెట్టు నీడన కూర్చున్నాం. పక్కనే ఒకావిడ తన భర్తకు సద్దిడబ్బా విప్పి, స్టీలు గ్లాసులో ఎర్రటి వైన్ పోసింది. నాకు ఒళ్లు మండింది. తాగుడుకు మా కాలనీలో ఎన్ని కాపురాలు కూలిపోయాయో చూసినవాణ్ని, ఒక్కటీ మరిచిపోలేదు.

"పట్టపగలు రోడ్డు మీద నువ్వే పోసిస్తున్నావా బిడ్డా?" అని గట్టిగానే అడిగాను.

"తిట్టకు కాక. జొరమొచ్చినంక ఈయన నాలుక సచ్చింది. ఏం పెట్టినా మన్ను తిన్నట్టే తింటుండు. మనిషి సగమైండు. ముద్దకో గుక్క తాగితే రుచి తెలుస్తదేమోనని వారానికో రకం తెస్తున్న. అగ్గువ ధరకు వైనుందా అంటే వైన్స్ దుకాణపాయన నవ్విండు. గక్కడ వైన్ కొనేటోళ్లే లేరట!"

ఆమె భర్త కూడా నవ్వాడు. "బొగ్గుబాయిల షిఫ్టు దిగినంక బెల్లం నోట్లేసుకుంటె దుమ్మంత దిగేది కాక. ఇప్పుడు బెల్లం గూడ బొగ్గే."

ఆమె జొన్నరొట్టె తుంచి చింతచిగురు పప్పులో అద్ది ఇచ్చింది. ఆయన తిన్నాడు, ఒక గుక్క తాగాడు, ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు.

"ఏందే, గింత ఉప్పేసినవ్?"

ఆమె గబుక్కున వేలితో పప్పు నాకి చూసింది.

"అవు, ఎక్కువైంది" అంది, కళ్ల నీళ్లు తుడుచుకోకుండానే. "ఇంకోసారి అను."

బస్సు బాగైందని కండక్టర్ పిలిచినా నాకు కదలబుద్ధి కాలేదు.

కూరలో ఉప్పెక్కువైతే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ ముందు ఇంకో ముద్ద తింటాను.