దగ్గు ఆగాక వెలిగిన ఎర్ర దీపం

2021 వేసవి. కర్నూలు పక్కన కల్లూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఒకదానికి గ్యాస్ హెచ్చరిక బోర్డు బిగించాను. అక్కడ గదులను చల్లబరిచేది గొట్టాల్లో తిరిగే అమ్మోనియా. అది కారితే కళ్లు కనబడవు, ఊపిరాడదు. లోపల సెన్సర్‌కు గ్యాస్ తగలగానే బయట ఆపరేటర్ ఖాసీం భాయ్ ఎదురుగా పచ్చ దీపం పోయి ఎర్రది వెలగాలి.

ప్రోగ్రామ్ సి భాషలో రాశాను. సి లో అక్షరాలు తెరకు వెళ్లినా, ఫైలుకు వెళ్లినా ఒకే రకం కాలువ గుండా వెళతాయి. దాన్ని స్ట్రీమ్ అంటాం. ఫోపెన్‌కుకీ అనే ఫంక్షన్‌తో సొంత స్ట్రీమ్ కూడా కట్టుకోవచ్చు. ముందు లాప్‌టాప్ తెర మీద పరీక్షించాను. అమ్మోనియాలో తడిపిన దూది చూపగానే "గ్యాస్" అని వరుస పడింది. తర్వాత తెర బదులు, రేడియో ద్వారా బోర్డుకు పంపే సొంత స్ట్రీమ్ పెట్టాను. మారింది ఒక్క చోటే కదా అని దూదితో మళ్లీ చూడలేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం అక్కడే టీ తాగుతున్నాను. హమాలీ ఏసన్న బస్తాలు సర్దడానికి లోపలికి వెళ్లాడు. కాసేపటికి దగ్గు వినిపించింది.

"ఏసన్న శానా దగ్గుతాండాడు సారూ," అన్నాడు ఖాసీం భాయ్.

"మిరపకాయల మధ్య దగ్గక పాట పాడతాడా భాయ్?"

"ఇది ఘాటు దగ్గు మాదిరి లేదు," అంటూ ఆయన లేచాడు.

"పచ్చ లైటే ఉండాది కదా!" అన్నాను.

ఆయన బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు, కూర్చున్నాడు. అక్కడ దగ్గు అందరికీ అలవాటే. అందుకే బోర్డును నమ్మారు.

ఉన్నట్టుండి దగ్గు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ఏసన్నా!" అని పిలిచాం. పలకలేదు. ఖాసీం భాయ్ తువ్వాలు నీళ్లలో ముంచి ముఖానికి చుట్టుకుని లోపలికి దూరాడు. నేను బోర్డు వైపే చూస్తూ నిలబడ్డాను. పచ్చగానే ఉంది.

ఆయన ఏసన్నను చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ముఖం మీద నీళ్లు కుమ్మరిస్తుంటే ఏసన్న గొంతులో గురక లాంటి చప్పుడు వచ్చింది. బతికున్నాడు. అప్పుడు వెలిగింది ఎర్ర దీపం. "గ్యాస్, గ్యాస్, గ్యాస్" అంటూ దీపం కింద బోర్డు మీద వరుసలన్నీ ఒక్కసారిగా పడ్డాయి.

నాకు అర్థమైంది. లాప్‌టాప్ తెరకైతే వరుస పూర్తికాగానే కనిపిస్తుంది. సొంత స్ట్రీమ్ అలా కాదు. అక్షరాలను బఫర్ అనే తొట్టిలో పోగుచేసి, నిండాకే వదులుతుంది. ముందే వదలాలంటే ఫ్లష్ చేయమని మనం చెప్పాలి. నేను చెప్పలేదు. ఏసన్న దగ్గిన సేపూ నా హెచ్చరిక తొట్టిలోనే ఉంది.

పరుగెత్తుకొచ్చిన ఓనరు మొదట ఎర్ర దీపాన్నే చూశాడు. "ఇంత ఎర్రగా మండుతాంటే యాడ చూస్తాంటివి ఖాసీం?"

"ఇంతదంకా పచ్చగానే ఉన్నింది సామీ. సారును అడగండి."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"చూసి చెప్తా," అన్నాను. చెప్పలేదు. ఆపరేటర్ కునికాడన్న మాట కల్లూరంతా పాకింది. ఆయనను పనిలోంచి తీసేశారు. నేను మాత్రం తర్వాత వెళ్లి ఆ ఒక్క ఫ్లష్ చేర్చి వచ్చాను.

ఇప్పుడు ఏ బోర్డు బిగించినా, చివరి దీపం దాకా దూదితో పరీక్షించకుండా కదలను. అయినా పచ్చ దీపం చూస్తే భయమేస్తుంది. ఈ పని నేర్చుకుంటున్నవాళ్లకు చెప్పేది ఇదే: ప్రోగ్రామ్ రాసింది అంటే అవతల చేరిందని కాదు. కల్లూరు వాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది. ఆ రోజు ఖాసీం భాయ్ కునకలేదు. దగ్గు తేడాగా ఉందన్నది ఆయనే. కూర్చోబెట్టింది నేను.