ఉస్తాద్ మీటరు

మాచర్ల రేడియో మెకానిక్ నాగూర్ వలికి, పని నేర్పిన ఉస్తాద్ చనిపోతూ ఇచ్చిపోయిన మీటరంటే ప్రాణం. ఎంత వోల్టేజీ ఉందో దాని ముల్లు చెప్పాల్సిందే, ఇంకెవరు చెప్పినా ఒప్పుకోడు. అంత గుడ్డినమ్మకం మనిషికి పనికిరాదు. కానీ అతనికి చెప్పేదెవరు!

ఎనభై నాలుగులో నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ కబురంపింది. కరెంటు పోతే ఆపరేషన్ గది దీపం బ్యాటరీ మీద వెలగాలి. ఆ బ్యాటరీ నిండగానే దానంతటదే తగ్గిపోయే ఛార్జరు కావాలి. వలి బొంబాయి నుంచి ఒక చిప్పు తెప్పించాడు. ఎండైనా వానైనా సరిగ్గా రెండున్నర వోల్టుల దగ్గర నిలబడే చిప్పు అది. దాన్నే కొలతగా పెట్టుకుని, ఛార్జింగు ఎక్కడ ఆపాలో మిగతా సర్క్యూట్ తేల్చుకుంటుంది. వారం రోజులు తిండి మానేసి ఆ సర్క్యూట్ గీసుకున్నాడు.

తీరా బిగించి చిప్పుకు పెట్టి చూస్తే మీటరు రెండు పాయింట్ నాలుగే చూపించింది.

"చిప్పుతో వచ్చిన కాగితంలో రెండున్నర అనుందిగా?" అంది భార్య జీనత్. అప్పుడామెకు మూడో నెల.

"కాగితానిదేముంది, ఎవడైనా రాస్తాడు. ఉస్తాద్ మీటరు అబద్ధం చెబుద్దా?" అంటూ వలి సర్క్యూట్‌లో ఆ వోల్టేజీని సవరించే స్క్రూ తిప్పి, ముల్లు రెండున్నరకు వచ్చేదాకా పెంచాడు. నర్సింగ్ హోమ్‌లో ఛార్జరు బిగించి, "ఇక బ్యాటరీ వంక చూడనక్కర్లా, నాది పూచీ" అని కాంపౌండరుకు చెప్పొచ్చాడు.

మరుసటి ఏడాది మే నెలలో జీనత్‌కు బిడ్డ అడ్డం తిరిగింది. ఆ పాపిష్టి మధ్యాహ్నం అదే నర్సింగ్ హోమ్‌లో కడుపు కోసి బిడ్డను తీశారో లేదో, కరెంటు పోయింది. కిటికీల్లేని గది. బ్యాటరీ దీపం మిణుకుమని ఆరిపోయింది. వలి పరుగెత్తి బ్యాటరీ మూతలు విప్పాడు. లోపల చుక్క నీళ్లు లేవు. టార్చిలైటు దొరికేసరికే నెత్తురంతా పోయింది. ఆడపిల్ల బతికింది. జీనత్ బతకలేదు.

మూడోనాటి ఫాతెహా ప్రార్థన అయ్యాక వలి, బ్యాటరీల మహమూద్ దగ్గర కొత్త మీటరు అడిగి తెచ్చి చిప్పుకు పెట్టి చూశాడు. రెండు పాయింట్ ఆరు. అంటే స్క్రూ తిప్పకముందు చిప్పు సరిగ్గా రెండున్నర దగ్గరే ఉంది. తప్పు ఉస్తాద్ మీటరుది. మోతాదు మించిన ఛార్జింగుతో బ్యాటరీ నెలల తరబడి ఉడికి ఎండిపోయింది.

ఇంట్లో అత్త హజ్రా బీ మనవరాలిని ఒళ్లో వేసుకుని కరెంటును శాపనార్థాలు పెడుతోంది.

"కరెంటు కాదత్తా, నేనే చంపా" అని వలి అంతా చెప్పి, గోడకు చేరగిలబడి ఏడ్చాడు.

హజ్రా బీ మనవరాలిని పక్కన పడుకోబెట్టింది. తర్వాత అడిగింది: "ఈ ఛార్జర్లు ఇంకెక్కడన్నా పెట్టావా?"

"గురజాల ఆసుపత్రిలో ఒకటి. కారంపూడిలో ఒకటి."

"మరి ఇంకా కూర్చున్నావేంది?" అందామె.